ప్రభుత్వం మారితే సైన్యం ఎవరి మాట వింటుంది? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో నేవీ కనబడని రోజు ఉండదు. ఊళ్లో పెద్ద జంక్షన్లలో ఒకటైన ఎన్‌ఏడీకి ఆ పేరు వచ్చింది నేవీ ఆయుధ డిపో వల్లే. మా నాన్న డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా, పక్క దేశంలో సైన్యం రోడ్డెక్కినప్పుడల్లా విద్యార్థులు, ఇరుగుపొరుగు వాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కథంతా చెప్పాలి.

పౌర నియంత్రణ అంటే సైన్యం రాజకీయ నాయకుల చెప్పుచేతల్లో ఉండటమేనా?

కాదు. యుద్ధం చేయాలా వద్దా, ఎంత ఖర్చు పెట్టాలి, ఎంతమందిని తీసుకోవాలి, ఏ ఓడ కట్టాలి అన్నవి ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం తేలుస్తుంది. ఆ ఓడను ఎలా నడపాలి, దాడిని ఎలా తిప్పికొట్టాలి అన్నది నేవీ చూసుకుంటుంది. ప్రభుత్వం తప్పుడు నిర్ణయం తీసుకుంటే దాన్ని దింపే పని ఓటరుది. తుపాకీ పట్టినవాళ్లకు ఆ పని లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. అధికారంలో ఉన్న పార్టీ సైన్యాన్ని తన పార్టీ పనికి వాడుకోకూడదు. సైనికుడు సెల్యూట్ కొట్టేది కుర్చీకి. నిన్న అందులో ఎవరు కూర్చున్నారో, రేపు ఎవరు కూర్చుంటారో అతనికి అనవసరం. కూర్చున్నవాళ్లు కూడా ఆ సెల్యూట్ తమకే అనుకోకూడదు.

సర్వసైన్యాధ్యక్షులు రాష్ట్రపతి కదా? మరి ప్రధాని, రక్షణ మంత్రి ఎక్కడి నుంచి వచ్చారు?

రాజ్యాంగం 53వ అధికరణం త్రివిధ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. అయితే ఆ అధికారాన్ని చట్టప్రకారమే వాడాలని అదే చోట రాసింది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడుచుకోవాలి. ఆ మంత్రిమండలి 75వ అధికరణం ప్రకారం లోక్‌సభకు జవాబుదారీ. లోక్‌సభను ఎన్నుకునేది మనం. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతాది పనిచేయదు.

మన బీచ్ రోడ్డు మీద నిలబడి ఈ గొలుసు పై కొసను చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. 2006లో అబ్దుల్ కలాం, 2016లో ప్రణబ్ ముఖర్జీ, 2022లో రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రపతులుగా ఇక్కడే నౌకాదళ సమీక్ష జరిపారు. యూనిఫాం లేని ఒక మనిషి ఓడ మీద వెళ్తుంటే, బారులు తీరిన యుద్ధనౌకల మీది నావికులంతా ఆయనకు జై కొడతారు. పిల్లలకు 53వ అధికరణం చెప్పాలంటే నేను ఆ దృశ్యంతోనే మొదలుపెట్టేదాన్ని.

ఈ పద్ధతి మనకు బ్రిటిష్ వాళ్లు ఇచ్చి వెళ్లారా?

సగమే. వాళ్ల కాలంలో ఇక్కడి సైన్యం లండన్‌కు, వైస్రాయికి లోబడి ఉండేది, ఇక్కడి ప్రజలకు కాదు. ఢిల్లీలో కమాండర్-ఇన్-చీఫ్ అంటే వైస్రాయి తర్వాత అంతటివాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఉండే పెద్ద బంగళా ప్రధాని నెహ్రూ నివాసమైంది. దాన్నే తర్వాత తీన్ మూర్తి భవన్ అన్నారు. కమాండర్-ఇన్-చీఫ్ అనే హోదానే 1955లో రద్దు చేశారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు వేర్వేరుగా ముగ్గురు అధిపతులు, ముగ్గురూ రక్షణ మంత్రి కింద. ఇళ్లు, హోదాలు మారడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఎవరు పైన, ఎవరు కింద అన్నది జనానికి తెలిసేది అలాంటి వాటితోనే.

నేవీ సంగతి ఇంకా ఆలస్యం. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండో ఏడాదిలో, 1958 ఏప్రిల్‌లో రామదాస్ కటారి బాధ్యతలు తీసుకునేదాకా భారత నౌకాదళానికి బ్రిటిష్ అధికారులే నాయకత్వం వహించారు.

ఇక్కడ 1946 ఫిబ్రవరి కూడా గుర్తుచేసుకోవాలి. బొంబాయిలో 18వ తేదీన మొదలైన నావికుల తిరుగుబాటు విశాఖపట్నం దాకా పాకింది. కూడు బాగాలేదని, తెల్ల అధికారుల తిట్లు పడలేమని, ఆజాద్ హింద్ ఫౌజ్ ఖైదీలను వదలాలని వాళ్లు తిరగబడ్డారు. వాళ్ల బాధ నిజమైనది, వాళ్ల ధైర్యం నిజమైనది. అయినా సర్దార్ పటేల్ వాళ్లను లొంగిపొమ్మనే చెప్పారు. రేపు స్వతంత్ర దేశానికి కావలసింది క్రమశిక్షణ ఉన్న సైన్యం అన్నది నాయకుల ఆలోచన. ఆ నావికులకు తర్వాత దక్కాల్సిన గౌరవం సమయానికి దక్కలేదనే నా అభిప్రాయం.

ప్రభుత్వం పడిపోయి, కొత్తది ఇంకా రాని రోజుల్లో యుద్ధం వస్తే?

వచ్చింది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో ఓడిపోయింది. 269కి 270. సభ రద్దయింది. ఆయన ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు. మే మొదట్లో కార్గిల్ కొండల మీద చొరబాటుదారులు ఉన్నారని తెలిసింది.

అప్పుడు సైన్యం ముందు ఉన్న ప్రభుత్వానికి సభలో మెజారిటీ లేదు. అసలు సభే లేదు. "మీ ఆదేశం మేమెందుకు పాటించాలి?" అని ఏ జనరల్ అడగలేదు. రాజ్యాంగం ప్రకారం కొత్త మంత్రిమండలి వచ్చేదాకా ఉన్నదే మంత్రిమండలి. నియంత్రణ రేఖ దాటవద్దని ప్రభుత్వం కట్టడి పెట్టింది. పైనుంచి శత్రువు కాలుస్తుంటే కింది నుంచి నిటారు కొండలెక్కాల్సిన సైన్యానికి, ఎయిర్‌ఫోర్స్‌కు అది ఎంత కష్టమైన షరతో ఊహించండి. ఆ షరతుకు లోబడే పోరాడారు. 527 మంది ప్రాణాలిచ్చారు. మన తూర్పు నౌకాదళం ఓడలు కొన్ని అరేబియా సముద్రానికి వెళ్లి పశ్చిమ నౌకాదళంతో కలిశాయి. జూలై 26న యుద్ధం ముగిసింది, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు జరిగాయి.

ఇందులో నాకు నచ్చని విషయం ఒకటుంది. లోక్‌సభ లేనప్పుడు రాజ్యసభనైనా సమావేశపరచమని ప్రతిపక్షాలు అడిగాయి, ప్రభుత్వం ఒప్పుకోలేదు. సైన్యం తన వంతు నిలబెట్టుకుంది. ప్రజాప్రతినిధులకు ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన వంతు మాత్రం ఆ మూడు నెలలు సరిగా జరగలేదు. యుద్ధం అయ్యాక కార్గిల్ వ్యవహారాన్ని పరిశీలించడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేసి, నివేదికను పార్లమెంటు ముందు పెట్టడంతో ఆ లోటు కొంత తీరింది.

నౌకాదళ ప్రధానాధికారినే తొలగించారట, నిజమేనా?

నిజమే. 1998 డిసెంబరు 30న అడ్మిరల్ విష్ణు భగవత్‌ను ప్రభుత్వం పదవి నుంచి తీసేసింది. పదవిలో ఉన్న సైన్యాధిపతిని తొలగించడం స్వతంత్ర భారతంలో అదే మొదటిసారి. నౌకాదళ ఉప ప్రధానాధికారిగా వైస్ అడ్మిరల్ హరీందర్ సింగ్‌ను కేబినెట్ నియామకాల కమిటీ నియమించింది. అది నేవీ చట్టానికి విరుద్ధమని భగవత్ అమలు చేయలేదు. అప్పటి రక్షణ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్.

ఎవరిది తప్పు అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నేను రెండు విడివిడి మాటలు చెబుతాను. కేబినెట్ నిర్ణయం చట్టవిరుద్ధమనిపిస్తే ఒక అధిపతికి మూడు దారులున్నాయి: అభ్యంతరం రాతలో పెట్టడం, ఒప్పించడం, కుదరకపోతే రాజీనామా. అమలు చేయకుండా కూర్చోవడం నాలుగో దారి కాదు. అదే సమయంలో, నేవీ లోపలి పదోన్నతుల గొడవ అంతదాకా ముదిరేలా వదిలేసిన ప్రభుత్వానికీ బాధ్యత ఉంది.

అసలు గమనించాల్సింది తొలగించాక ఏం జరిగిందన్నది. అదే రోజు సుశీల్ కుమార్ కొత్త అధిపతిగా బాధ్యతలు తీసుకున్నారు. విశాఖలో, ముంబైలో, కొచ్చిలో ఏ ఓడా లంగరు దగ్గర అలిగి కూర్చోలేదు. గొడవ పార్లమెంటుకు చేరింది, పత్రికలకు చేరింది, చివరికి కూటమి రాజకీయాల్లోకీ చేరింది. ఏప్రిల్‌లో మద్దతు ఉపసంహరించుకున్న జయలలిత డిమాండ్లలో భగవత్ వ్యవహారం కూడా ఒకటి. అంటే ఒక అడ్మిరల్‌ను తీసేసినందుకు ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ సభలో. చెప్పుకోవాల్సిన చోటు కూడా అదే.

మంత్రికి యుద్ధం గురించి ఏం తెలుసు? సైన్యం "కాదు" అనకూడదా?

అనొచ్చు, అనాలి కూడా. నిర్ణయం జరిగేలోపు అనాలి. 1971 వేసవిలో యుద్ధానికి వెళ్లడం సరికాదని ఆర్మీ చీఫ్ మానెక్‌షా ప్రధాని ఇందిరా గాంధీకి చెప్పారు, ఆమె విన్నారు. డిసెంబరుకు అన్నీ సిద్ధమయ్యాయి. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర ఆగేవాళ్లు దీన్ని కూడా తలుచుకుంటే బాగుంటుంది: ఆ గెలుపు వెనుక, సేనాని సలహాను విని ఆగిన ఒక పౌర ప్రభుత్వం ఉంది.

వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1959 ఉంది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడక ఆర్మీ చీఫ్ జనరల్ తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు, నెహ్రూ నచ్చజెబితే వెనక్కి తీసుకున్నారు. మూడేళ్లకు చైనాతో యుద్ధంలో ఓడిపోయాం. ఓటమికి అదొక్కటే కారణం అనను. కానీ సేనానులకూ మంత్రికీ మధ్య మాట తెగిపోవడం దేశానికి మేలు చేయలేదు.

ఎమర్జెన్సీలో సైన్యం ఏం చేసింది?

బ్యారక్‌లలోనే ఉంది. 1975 జూన్ 25న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్, చట్టవిరుద్ధమైన ఆదేశాలు పాటించవద్దని సైన్యానికీ పోలీసులకూ పిలుపునిచ్చారు. ఆ రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది. ప్రభుత్వం ఆ పిలుపునే ఒక సాకుగా చూపించింది. అరెస్టులు చేసింది పోలీసులు, పత్రికల గొంతు నొక్కింది సెన్సారు అధికారులు. సైన్యం ఇందిరను కాపాడటానికీ రాలేదు, దింపడానికీ రాలేదు.

1977 మార్చిలో ఓటర్లు దింపారు. మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి, నంద్యాల, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు, కొద్ది నెలల్లోనే రాష్ట్రపతి అయ్యారు. అంటే విశాఖ నేవీ చుట్టూ ఉన్న జనం ఒకవైపు ఓటేస్తే ఢిల్లీలో ఇంకొకరు వచ్చారు. మా నాన్న చెప్పేవారు, ఆ వారం కూడా షిఫ్టు సైరన్ వేళకే మోగిందని, క్యాంటీన్‌లో వాదనలు మాత్రం మామూలు కంటే గట్టిగా జరిగాయని.

తర్వాత 1978లో 44వ సవరణ తెచ్చి, "అంతర్గత కల్లోలం" పేరుతో ఎమర్జెన్సీ పెట్టే వీలు తీసేశారు. ఇప్పుడు యుద్ధం, విదేశీ దాడి, లేదా సాయుధ తిరుగుబాటు ఉంటేనే, అదీ కేబినెట్ రాతపూర్వకంగా చెబితేనే పెట్టగలరు.

విశాఖలో ఉన్న నేవీ మీద మన ముఖ్యమంత్రికి అధికారం ఉందా?

లేదు. రక్షణ పూర్తిగా కేంద్ర జాబితా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలీసులను పంచుకున్నారు, ఐఏఎస్‌లను పంచుకున్నారు, భవనాల కోసం కొట్లాడుకున్నారు. తూర్పు నౌకాదళం గురించి పంచుకోవడానికి ఏమీ లేకపోయింది. 2019లో, 2024లో రాష్ట్రంలో అధికారం మారింది. మధ్యలో విశాఖను రాజధాని చేస్తామన్నారు, ఆగింది. వీటిలో దేనికీ నేవీలో ఒక్క ఆదేశం మారలేదు.

మరి హుద్‌హుద్ తుపాను అప్పుడు నేవీ వచ్చింది కదా?

వచ్చింది, అది మనం మర్చిపోలేం. 2014 అక్టోబరు 12న గాలి ఊరిని ఊడ్చేసింది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, చెట్లు కూలి రోడ్లన్నీ మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. నేవీవాళ్లు చెట్లు కొట్టి దారి చేశారు, సామాన్లు అందించారు. వాళ్ల క్వార్టర్లు కూడా దెబ్బతిన్నాయని ఆ టెన్షన్‌లో చాలామందికి గుర్తు లేదు.

పద్ధతి ఏమిటంటే, పౌర యంత్రాంగానికి సాయం కోసం రాష్ట్ర ప్రభుత్వం, జిల్లా యంత్రాంగం అడుగుతాయి, సైన్యం వస్తుంది. ఎక్కడ ఏం కావాలో చెప్పేది కలెక్టర్ వైపు వాళ్లు. పని అయ్యాక వెళ్లిపోతుంది. సైన్యాన్ని పిలిచినంత సులువుగా వెనక్కి పంపగలగడం కూడా ప్రజాస్వామ్యంలో ఒక బలం. కొన్ని దేశాల్లో వచ్చిన సైన్యం వెనక్కి వెళ్లదు.

అల్లర్లు జరిగితే సైన్యాన్ని ఎవరు పిలవాలి?

పోలీసులతో అదుపు కాకపోతే జిల్లా మేజిస్ట్రేట్, లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 149వ సెక్షన్ ఇది. 150వ సెక్షన్ ప్రకారం, మేజిస్ట్రేట్‌ను అందుకోవడం అసాధ్యమైతే సైనికాధికారి తానే చర్య తీసుకోవచ్చు, మేజిస్ట్రేట్ అందుబాటులోకి రాగానే ఆయన మాట వినాలి. బలం ఎంత తక్కువైతే అంత తక్కువే వాడాలని కూడా 149లోనే ఉంది.

గ్రేహౌండ్స్, సీఐఎస్‌ఎఫ్, కోస్ట్‌గార్డ్ ఇవన్నీ సైన్యమేనా?

గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసులు. స్టీల్‌ప్లాంట్, పోర్టు దగ్గర కనిపించే సీఐఎస్‌ఎఫ్ కేంద్ర హోంశాఖ కింద ఉంటుంది. కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కిందిదే గానీ నేవీ నుంచి వేరు.

బంగాళాఖాతం అవతల సైన్యాలు ప్రభుత్వాలను కూల్చేస్తుంటే ఇక్కడ ఎందుకు జరగలేదు?

నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. మన తీరానికి ఎదురుగా ఉన్న మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం ఎన్నికైన నాయకులను అరెస్టు చేసింది. అక్కడ 2008 రాజ్యాంగమే పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైన్యానికి రాసిచ్చింది, రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రులను ఎంచుకునే హక్కూ ఇచ్చింది. ఇంట్లో సగం తాళాలు ముందే ఇచ్చేశాక దొంగతనం అనడానికి కూడా ఉండదు. బంగ్లాదేశ్‌లో 1975 ఆగస్టు 15న కొందరు సైనికాధికారులు ముజిబుర్ రహ్మాన్‌ను కుటుంబంతో సహా చంపారు. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వెళ్లాక తాత్కాలిక ప్రభుత్వం వస్తుందని ప్రకటించింది ఆర్మీ చీఫే. సైన్యం తాను గద్దెనెక్కలేదు, మూడు రోజుల్లో మహమ్మద్ యూనస్ ప్రమాణం చేశారు. శ్రీలంకలో 2022 జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లిపోయారు, అధ్యక్షుడు గొటబయ రాజపక్స పారిపోయారు, అయినా వారంలో పార్లమెంటు కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకుంది.

ఇక్కడ జరగకపోవడానికి చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. మూడు దళాలు వేర్వేరు, అధిపతులకు నిర్ణీత కాలం, దేశమంతటి నుంచి వచ్చిన సైనికులు, విడిగా హోంశాఖ కింద పెద్ద కేంద్ర బలగాలు. ఇవన్నీ నిజమే. నా లెక్కలో వీటన్నిటికంటే పెద్దది వేరే ఉంది: ఓడిపోయిన పార్టీ ఇంటికి వెళ్తుంది. 1996 నుంచి 1999 లోపు మూడు లోక్‌సభ ఎన్నికలు, వాజపేయి రెండుసార్లు, మధ్యలో దేవెగౌడ, గుజ్రాల్. అంత అస్థిరంగా ఉన్నా ఎవరూ సైన్యం తలుపు తట్టలేదు. తట్టే నాయకుడు లేకపోతే తీసే సేనాని ఉండడు. అందుకే ఎన్నికల ఫలితం మీద నమ్మకం పోయే పరిస్థితి ఏ పార్టీ వల్ల వచ్చినా నాకు భయం వేస్తుంది.

2020లో వచ్చిన సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) మూడు సైన్యాలకూ బాస్ కాదా?

కాదు. రక్షణ మంత్రికి మూడు దళాల విషయాల్లో ముఖ్య సైనిక సలహాదారు. ముగ్గురు అధిపతుల మీద ఆదేశాధికారం ఆయనకు లేదు. 2020 జనవరి 1న మొదటి సీడీఎస్ అయిన బిపిన్ రావత్ కాలం నుంచీ ఇదే నియమం.

విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి మీట ఎవరి చేతిలో ఉంటుంది?

అరిహంత్ 2009 జూలై 26న ఇక్కడే జలప్రవేశం చేసింది. అణ్వస్త్రం వాడమనే అధికారం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలికి మాత్రమే ఉందని 2003 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఓడ కెప్టెన్‌కు, అడ్మిరల్‌కు, సీడీఎస్‌కు ఆ నిర్ణయం లేదు.

నేవీలో ఉన్నవాళ్లు ఓటు వేయొచ్చా? పార్టీలో చేరొచ్చా?

ఓటు వేయొచ్చు. సర్వీస్ ఓటర్లుగా పోస్టల్ బ్యాలెట్ ఉంది, దాన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో పంపిస్తున్నారు. పార్టీలో చేరడం, సభలకు వెళ్లడం, రాజకీయ ప్రకటనలు ఇవ్వడం కుదరదు. ప్రాథమిక హక్కులను సైనికుల విషయంలో కుదించే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. రిటైరయ్యాక అందరిలాగే పౌరులు, పోటీ చేయొచ్చు. అయితే యూనిఫాం విప్పిన వెంటనే టికెట్ తీసుకుంటే, విప్పకముందు చెప్పిన సలహా మీద కూడా జనానికి అనుమానం వస్తుంది. మధ్యలో కొన్నేళ్లు ఆగడం మంచిదని నేను నమ్ముతాను.

ఎన్నికల ఫ్లెక్సీల మీద సైనికుల ఫోటోలు వేస్తున్నారు. తప్పు కాదా?

తప్పే. ఎన్నికల సంఘం 2013లో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ చెప్పింది: సైనికుల, సైన్యాధిపతుల ఫోటోలు ప్రచారంలో వాడకూడదు. ఎన్నికలప్పుడు మీ వీధిలో కనిపిస్తే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌తోనే ఫోటో తీసి ఫిర్యాదు చేయండి. ఏ పార్టీదైనా సరే, మీరు ఓటేసే పార్టీదైతే మరీ ముఖ్యంగా.

తప్పుడు ఆదేశం వస్తే సైనికుడు ఏం చేయాలి?

ఆర్మీ చట్టంలో శిక్ష పడేది "చట్టబద్ధమైన ఆదేశాన్ని" ధిక్కరిస్తే. ఆ విశేషణం ఊరికే పెట్టింది కాదు. కళ్లకు కట్టినట్టు చట్టవిరుద్ధమైన ఆదేశానికి అది వర్తించదు. విధానం నచ్చలేదన్నది వేరే సంగతి, దానికి ధిక్కరించే హక్కు రాదు. సర్వీసు విషయాల్లో అన్యాయం జరిగితే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, పైన సుప్రీంకోర్టు ఉంది. నేవీలో మహిళలకు పర్మనెంట్ కమిషన్ 2020 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతోనే దక్కింది.

నేవీ గురించి ప్రశ్నలు అడిగితే దేశద్రోహం అంటారేమో?

అనరు, అన్నా మీరు ఆగకండి. రక్షణ శాఖ లెక్కలను కాగ్ తనిఖీ చేస్తుంది, పార్లమెంటు స్థాయీ సంఘం పద్దులను చూస్తుంది. సమాచార హక్కు చట్టం నుంచి నేవీకి పూర్తి మినహాయింపు లేదు. భద్రతకు ముప్పు అయ్యేవి మాత్రం ఇవ్వరు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు మినహాయింపు ఉంది కాబట్టి మన ఊళ్లో ఉన్న దాని ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ సమాచారం అవినీతి, మానవ హక్కుల విషయాల్లో తప్ప రాదు.

మన ఊళ్లో జనానికి నేవీతో నిజంగా పని పడేది ఇల్లు, భూమి, వేట దగ్గర. ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది. ఆ నేవీ వైమానిక స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగ, అచ్చ తెలుగు మాట. ఆ చుట్టుపక్కల ఎత్తుగా కట్టాలంటే ఎన్‌ఓసీ కావాలి. రక్షణ అవసరానికి భూమి తీసుకుంటే నోటీసు ఇచ్చేది, పరిహారం కట్టేది రెవెన్యూ యంత్రాంగం. కాబట్టి గేటు దగ్గర సెంట్రీతో వాదించకండి, అతని చేతిలో ఏమీ లేదు. కాగితం పట్టుకుని తహసీల్దారు, కలెక్టర్ దగ్గరకు వెళ్లండి. అక్కడ కదలకపోతే విశాఖ ఎంపీకి రాసి, రక్షణ మంత్రిని లోక్‌సభలో ప్రశ్న అడగమనండి. మంత్రి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. అది లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.